బావ రాసిన మంచి మాట

ఆ ఉదయానికి అపెనిసా వేసుకున్న పథకం సరళమైనది: మగవాళ్లు కట్టే సులు పంచెకు ఇస్త్రీ చేసి నడుముకు చుట్టుకోవడం, తొమ్మిదింటి బస్సు అందుకోవడం, సవుసవు రిసార్టులో స్టోర్‌కీపర్ ఉద్యోగం సంపాదించడం. అది దక్కకపోతే పై వారం ఆస్ట్రేలియా పళ్లతోటల కూలీల జాబితాలో పేరు రాయించుకోవాలి. అంటే తొమ్మిది నెలలు. కూతురు మెరెయోనికి ఇంకా మూడు నెలలే. తిరిగొచ్చేసరికి తండ్రిని చూసి జడుసుకునే వయసు వస్తుంది.

దరఖాస్తులో ఫేస్‌బుక్ ఖాతా వివరాలు అడిగారు. అతడు నిశ్చింతగా రాసిచ్చాడు. అందులో పాప ఫోటోలు, రగ్బీ తప్ప మరేమీ లేవు. తను పెట్టినవాటి కింద ఇతరులు ఏం రాశారన్నది అతనికి తోచలేదు.

మేనేజరు పాస్కో బ్రిస్బేన్ నుంచి వచ్చి పదిహేను రోజులైంది. ఇంటర్వ్యూలో కంప్యూటర్ తెర వైపు చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"మీరు జైలుకు వెళ్లారా?"

"లేదు సార్."

"ఇక్కడ రుసియాతే అనే ఆయన, 'జైలునుంచి ఎప్పుడొచ్చావురా దొంగా, మా పంది సంగతి తేల్చు' అని రాశారు."

"అతను నా బావ సార్. మేనత్త కొడుకు."

"అంటే సొంత బంధువులే చెబుతున్నారన్నమాట."

బావలు అలాగే మాట్లాడుకుంటారని అపెనిసా అరగంట వివరించాడు. పాస్కో శ్రద్ధగానే విన్నాడు. కాని స్టోరులో సరుకు ఉంటుంది. సరుకు దగ్గర హాస్యం చెల్లదు. ఆ బావే నిజం రాస్తే రేపు మధ్యాహ్నం నిర్ణయిస్తానన్నాడు.

రుసియాతే ఓడలో పనివాడు. సువా రేవులో ఉండగా ఫోన్‌కు దొరికాడు.

"నీ గురించి మంచిగా రాయాలా? ఏరా, ఒళ్లు బాగానే ఉందా?"

"పాప కోసమేరా బావా. ఒక్క నాలుగు ముక్కలు."

"మనవాళ్లు చూస్తే మనకు గొడవైందనుకుంటారు."

"అనుకోనీ."

"సరే. నీ మొహానికి మర్యాద కూడానా. రాస్తాలే."

ఇచ్చిన మాట ప్రకారం రాశాడు: 'నా బావ అపెనిసా ఉత్తముడు. ఏనాడూ ఎవరి పందినీ దొంగిలించలేదు. అలాంటి మనిషి మళ్లీ దొరకడు.' రాసిన పావుగంటకు ఓడ లంగరెత్తింది, సిగ్నలు పోయింది.

అది చదివిన బంధువులందరూ నిర్ఘాంతపోయారు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి రుసియాతే బావను మనిషిగా సంబోధించిన దాఖలా లేదు. అంతటివాడు ఇంత మర్యాదగా రాశాడంటే కారణం ఒక్కటే అయ్యుండాలి: బావ పోయాడు. పరికల్పన బలంగానే ఉంది. పరీక్షించిన వారే లేరు. చావు కబురును ఫోన్ చేసి నిర్ధారించుకోవడం ఎక్కడా మర్యాద కాదు.

మర్నాడు పొద్దున్నే రుసియాతే తల్లి లైసని, లంబాసా నుంచి తొలి బస్సులో, మరో ఆరుగురితో, చావింటికి ఆనవాయితీగా తెచ్చే చాపల కట్టలతో దిగింది. ఏడుస్తూ గడప దాటి, పాపకు పాలసీసా పట్టిస్తున్న మేనల్లుణ్ణి చూసి అక్కడికక్కడే కూలబడింది.

"బతికే ఉన్నావా?"

"ఉన్నానత్తా. ఏమైంది?"

 ఆమె కట్టల వైపు చూసింది. "మూడు గంటలు మోసుకొచ్చాం నాయనా. ఈ చాపలేం చెయ్యను ఇప్పుడు?"

అపెనిసా ఫేస్‌బుక్ తెరిచాడు. రెండు వందల సంతాపాలున్నాయి. 'నేను బతికే ఉన్నాను' అని రాశాడు. నిమిషంలో జవాబు వచ్చింది: 'పోయినవాడి ఖాతాతో ఆటలాడుతున్న నీచుడెవడు? పోలీసులకు చెప్పాం.'

ఇక రాతలతో లాభం లేదని సులు చుట్టుకుని రిసార్టుకు పరుగెత్తాడు. తలుపు దగ్గర అతణ్ణి చూడగానే పాస్కో చేతిలోని కప్పు జారి పగిలింది.

"మీరు... పొద్దున చూశాను... నిన్న నేను అడిగినందుకే మీరేదైనా చేసుకున్నారేమోనని..."

"నేనేం చేసుకోలేదు సార్. మా బావ నిజం రాశాడు, అంతే."

పాస్కో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతని వెనక తెర మీద సంతాపాల వరుస కనిపిస్తోంది. చివరిది పాస్కోదే. అపెనిసా వంగి మెల్లగా చదివాడు.

"'కలిసింది అరగంటే. ఇంత నిజాయితీపరుణ్ణి నేను చూడలేదు. స్టోరు అతనికే అప్పగించాలని నిశ్చయించుకున్నాను.' ఇది నిజమేనా సార్?"

"అదీ... పోయినవాళ్ల గురించి ఎవరైనా నాలుగు మంచి మాటలు రాస్తారు కదండీ."

"మా బావ రాసింది నమ్మి నిన్న నన్ను జైల్లో పెట్టారు. మీరు రాసింది నేను నమ్మకూడదా?"

పాస్కో తెర వంక చూశాడు. ఆ మాటల కింద నూట నలభై మంది కృతజ్ఞతలు చెప్పారు. వారిలో రిసార్టు యజమానురాలు కూడా ఉంది. 'ఆయన కుటుంబంలో ఎవరికైనా అదే ఉద్యోగం ఇవ్వండి' అని ఆమె ఆదేశించింది.

"మీ కుటుంబంలో..." పాస్కో నీరసంగా అడిగాడు, "ఉద్యోగానికి అర్హులెవరైనా ఉన్నారా?"

"ఒకణ్ణి ఉన్నాను సార్."

నియామక పత్రం మీద సంతకం ఆ మధ్యాహ్నమే అయింది. పై నెలలో అచ్చయిన దరఖాస్తుల్లో ఫేస్‌బుక్ గడి తీసేసి, ఫోన్ నంబరు గడిని కొంచెం పెద్దది చేశారు.