నీలవేణి కుడికాలు

ఆ రోజు ఆగస్టు ముప్పై ఒకటి. లైన్‌మేన్ సత్యప్రసాద్ ఆ రోజుకి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే నాలుగు ఇడ్లీలు తినాలి. సాయంత్రం దాకా ఎవరితోనూ మాట పడకూడదు. ఐదింటికి సెక్షన్ ఆఫీసుకెళ్లి అక్కడి ఇంజనీరు, ఏఈ చంద్రరావు గారి చేతిమీదుగా బదిలీకి సిఫార్సు కాగితం తీసుకోవాలి. ఆరింటి బస్సెక్కి సామర్లకోట పోవాలి.

సామర్లకోటలో అతని భార్య సుప్రియ, ఏడేళ్ల కూతురు ఉంటారు. సుప్రియది అక్కడి బళ్లో టీచరు ఉద్యోగం. సత్యప్రసాద్‌ది రావులపాలేనికి అయిదు కిలోమీటర్ల అవతల, అరటితోటల మధ్య ఊళ్లో స్తంభాలెక్కే ఉద్యోగం. నాలుగేళ్లుగా ఆ కాపురం ఆదివారాలే నడుస్తోంది. కూతురు స్నేహితురాళ్లకి అతన్ని "మా ఆదివారం నాన్న" అని పరిచయం చేస్తోంది.

"ఒక్క నెల, ఒక్క కంప్లైంటు రాకుండా ఊరిని లాక్కురావయ్యా. కాగితం నేనే రాసిస్తా," అని ఏఈ గారు మాటిచ్చారు. ఆ మాట కోసం సత్యప్రసాద్ ఆ నెలంతా చెయ్యని పని లేదు. ఎవరింట్లోనో మిక్సీ తిరగకపోతే తనే కూర్చుని రోట్లో పచ్చడి రుబ్బిచ్చాడు. స్తంభం మీద గూడు కట్టిన కాకికి రెండు రోజుల ముందే చెప్పి, అది సామాన్లు సర్దుకున్నాకే గూడు తీశాడు. కంప్లైంట్ పుస్తకంలో ఇరవై తొమ్మిది రోజులు తెల్లగా ఉన్నాయి.

ముప్పయ్యో రోజు ఎనిమిదికి రెండు నిమిషాలుండగా గాలి లేచి కొబ్బరిమట్ట ఒకటి లైను మీద పడింది. ఊరంతా చీకటైపోయింది. అతను వానలో స్తంభమెక్కి, తెగిన తీగ కలిపి, ఎనిమిదీ ముప్పై ఒకటికి కరెంటిచ్చాడు. ముప్పై మూడు నిమిషాలంటే ఆ డివిజన్‌లో రికార్డే. కానీ ఎనిమిదింటి సీరియల్ ఎనిమిదిన్నరకి అయిపోతుంది. ఆ సంగతి అతనికి తట్టలేదు. ఆ తర్వాత పక్కూరి ట్రాన్స్‌ఫార్మరు అతన్ని తెల్లారేదాకా కన్ను మూయనివ్వలేదు.

కాబట్టి పొద్దున్న వీరవేణి ఇడ్లీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నది సత్యప్రసాద్ కాదు, అతని చొక్కా. మనిషి లోపల నిద్రపోతున్నాడు.

"నిన్న ఏమైందండీ లైన్‌మేన్ గారూ?" అంది వీరవేణి, ఇడ్లీ పాత్ర మూత తియ్యకుండా.

"మట్ట పడిందండి. తీగ తెగింది."

"తీగ సంగతి ఎవరిక్కావాలండీ బాబూ! నీలవేణి ఏమైంది?"

నీలవేణి ఎనిమిదింటి సీరియల్లో కోడలు. రెండేళ్ల కిందట అత్తగారు, తోడికోడలు దమయంతి కలిసి ఆమెను ఇంట్లోంచి గెంటేశారు. ఊరు రెండేళ్లుగా ఆమె కోసం కళ్లు కాయలు చేసుకుని చూస్తోంది. మొన్నటికి మొన్న ఆమె ఎక్కిన ఆటో వచ్చి అత్తవారింటి ముందు ఆగింది. అందులోంచి ఆమె దిగబోతుండగా ఆ రోజు కథ ఆగింది.

"నేను చూడలేదండి. స్తంభం మీదున్నాను."

"సంబడం! సబ్‌స్టేషన్లో టీవీ ఉంది, మీకు తెలీకపోవడమేంటి? రెండేళ్లండీ. మా ఆయన గల్ఫ్ నించి వచ్చినప్పుడు కూడా ఇంత ఎదురుచూళ్లేదు నేను. చెప్పరా? సరే, ఆ పుస్తకం ఎక్కడుంటుందో చెప్పండి, రెండు ముక్కలు రాసొస్తాను."

పుస్తకం మాట వినపడగానే చొక్కాలోపలి మనిషి లేచాడు. "దిగిందండి," అన్నాడు. "ఇంట్లోకొచ్చేసింది. అత్తగారే ఎదురొచ్చి నీలవేణి కాళ్ల మీద పడి, తప్పయిపోయిందమ్మా అంది."

వీరవేణి కళ్లు చెంగుతో ఒత్తుకుంది. వీరవేణి సొంత అత్తగారు పక్కింట్లోనే ఉంటుంది. మాటల్లేవు. నాలుగు ఇడ్లీలడిగితే ఆరు వేసింది. చట్నీ రెండుసార్లు పోసింది. అబద్ధం ఆడటం ఇంత తేలికా అని సత్యప్రసాద్‌కి అప్పుడే తెలిసింది.

కాలవ వంతెన దాటి అవతలి గట్టుకెళ్లేసరికి పెద్దింట్లమ్మ గారు అరుగు మీద కాపు కాస్తోంది. డెబ్బై ఏళ్లావిడ, ఆ వీధికి సుప్రీంకోర్టు. ఊళ్లో అందరికన్నా పెద్ద టీవీ ఆవిడదే.

"ఏంట్రా ప్రసాదూ, నిన్న సరిగ్గా ఆ టైముకే తీశావ్? ఆ నీలవేణి ఏమైంది చెప్పు."

సత్యప్రసాద్ ఆవిడ మొహం చూశాడు. ముగ్గురు కోడళ్లని సరిదిద్దిన మొహం అది. అత్తగారు కోడలి కాళ్ల మీద పడిందని ఆ మొహానికి చెప్పే ధైర్యం పదకొండు వేల ఓల్టుల తీగలు ముట్టుకునే మనిషికి కూడా లేదు.

"నీలవేణి వచ్చి అత్తగారి కాళ్ల మీద పడిందండి, పెద్దమ్మగారూ. బుద్ధొచ్చిందండీ అంది."

"మరీ! నేను మొదటి రోజే అన్నాను. కాఫీ తాగెళ్లు."

దొడ్డివైపు మీటరు చూడటానికెళితే ఆవిడ చిన్న కోడలు వెంకటదుర్గ వంటింటి కిటికీలోంచి గుసగుసలాడింది. "అన్నయ్యగారూ, నిజం చెప్పండి. కాళ్ల మీద పడ్డాక ఏమైంది? అక్కడే ఉండిపోయిందా?"

పిల్ల కళ్ల కింద నల్లటి చారలున్నాయి. తన కళ్ల కిందా అవే ఉంటాయని అతనికి తెలుసు. జాలేసింది. "లేదమ్మా," అన్నాడు. "వాళ్లాయన వేరు కాపురం పెట్టించాడు. చిన్న ఇల్లే. వంటగదికి గాలీ వెలుతురూ బాగుంటాయి."

గేటు దగ్గర అరటితోటల అబ్బులు ఎదురయ్యాడు. కోర మీసాలు, రావులపాలెం మార్కెట్లో వందల గెలలు దించే మనిషి. అటూ ఇటూ చూసి, "మా ఆవిడ కనుక్కోమందండి. దమయంతికి ఏం కాలేదు కదా?" అన్నాడు. అబ్బులుకి పెళ్లికాలేదు.

"ఆస్పత్రిలో ఉందండి," అన్నాడు సత్యప్రసాద్. అంతకంటే ఆలోచించే ఓపిక లేక.

పదకొండయ్యేసరికి ఊళ్లో రేషను కొట్టు దగ్గర కిరోసిను క్యూ కట్టారు. కాలవకి ఇవతల వాళ్లూ అవతల వాళ్లూ కలిసే చోటు అదొక్కటే. ముందు వీరవేణి నోరు జారింది. పెద్దింట్లమ్మ గారు డబ్బా కింద పెట్టింది.

"ఎవరు ఎవరి కాళ్ల మీద పడ్డారే?"

"అత్తే పడిందండి. లైన్‌మేన్ గారు చెప్పారు."

"నాకూ లైన్‌మేనే చెప్పాడు! కోడలు పడిందన్నాడు!"

క్యూ రెండుగా చీలిపోయింది. అత్తలు ఒకవైపు, కోడళ్లు ఒకవైపు. అత్తలు కాని, కోడళ్లు కాని ఆడపిల్లలు భవిష్యత్తు ఆలోచించుకుని నిలబడ్డారు. అబ్బులు మధ్యలో నిలబడి, "ముందు దమయంతిని ఏ ఆస్పత్రిలో చేర్చారో చెప్పండి," అంటున్నాడు. పొద్దుట్నుంచీ అతను అన్నం ముట్టలేదట.

"మొన్న రావులపాలెంలో చూసిన సినిమా కూడా ఇంతేనమ్మా," అందొకావిడ. "ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ ఎవరు ఎవరి మీద పడుతున్నారో అర్థమై చావలేదు."

అదే సమయంలో వెంకటదుర్గ, తొమ్మిదేళ్లలో మొదటిసారి, అత్తగారి మొహం సూటిగా చూసి, "నాక్కూడా గాలీ వెలుతురూ ఉన్న వంటగది కావాలండి," అంది. ప్రసాదు తన కోడలికి ఇంకో కథ చెప్పాడని పెద్దింట్లమ్మ గారికి ఒక్క క్షణంలో అర్థమైపోయింది.

"మధ్యాన్నం రెండింటికి మళ్లీ వేస్తాడుగా," అంది. "అందరూ మా ఇంటికి రండి. కళ్లారా చూద్దాం. ఆ ప్రసాదు చెప్పింది అబద్ధమని తేలితే పుస్తకంలో నేనొక్కదాన్నే కాదు, ఊరంతా రాస్తాం!"

ఈ తీర్పు అయిదు నిమిషాల్లో సత్యప్రసాద్ చెవిన పడింది. అతను రామాలయం గోడకి ఆనుకుని, నుంచునే కునుకు తీస్తున్నాడు. గడియారం చూశాడు. కాగితానికీ అతనికీ మధ్య ఆరు గంటలు ఉన్నాయి. ఆ ఆరు గంటల్లో రెండింటి నుంచి రెండున్నర దాకా ఉన్న అరగంట మాత్రం కొండలా కనిపించింది.

మెల్లగా అతనికి రూలొకటి గుర్తొచ్చింది. మరమ్మతు పని కోసం తీసిన కరెంటు కంప్లైంటు కిందికి రాదు.

సత్యప్రసాద్ అబ్బులు ఇంటికెళ్లి, అక్కణ్నుంచి సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, సరిగ్గా రెండింటి నుంచి లైన్ క్లియర్ తీసుకున్నాడు. అంటే పని అయిందని తను మళ్లీ చెప్పేదాకా ఊరికి కరెంటు ఇవ్వకూడదు. పద్నాలుగేళ్ల సర్వీసులో ఏ అవసరమూ లేకుండా కరెంటు తీయించడం అదే మొదటిసారి. సరిగ్గా ఒకటీ యాభై ఎనిమిదికి పెద్దింట్లమ్మ గారింటి ముందు స్తంభమెక్కాడు. ఆ ఇంట్లో అప్పటికే డెబ్బైమంది చాపల మీద సర్దుకుని ఉన్నారు. ప్రకటనలు అయిపోయాయి. పాట మొదలైంది. పోయింది.

స్తంభం పక్క కొబ్బరిచెట్టుకి లైను వైపు వంగిన మట్ట ఒకటే ఉంది. సత్యప్రసాద్ దాన్ని ఒక్క దెబ్బకి నరకొచ్చు. కానీ అరగంట గడపాలి. అంచేత ఒక్కొక్క ఈనె లెక్కన తెంచడం మొదలుపెట్టాడు. తెంచిన ప్రతి ఈనెనూ ఎండకి అడ్డం పెట్టి పరిశీలించాడు. పని పట్ల అంత శ్రద్ధ ఉన్న ఉద్యోగిని ఆ ఊరు అంతకు ముందు చూడలేదు.

"ఒరేయ్ ప్రసాదూ! దిగరా కిందికి!" పెద్దింట్లమ్మ గారి గొంతు.

"అయిపోయిందండి పెద్దమ్మగారూ. ఇంకో ఇరవై ఎనిమిది నిమిషాలు."

"అంత కచ్చితంగా ఎలా తెలుసండీ?" అంది వీరవేణి.

అతను ఇంకో ఈనె తెంచుతుండగా స్కూటరు చప్పుడైంది. ఏఈ చంద్రరావు గారు. చంకలో కంప్లైంట్ పుస్తకం, జేబులో మడిచిన కాగితం. ఆయన నవ్వుతూ దిగారు. "సాయంత్రం దాకా ఎందుకని నేనే తెచ్చేశానయ్యా. పుస్తకం ముత్యంలా ఉంది. సామర్లకోట పోదువు గాని... ఏంటీ జనం?"

డెబ్బైమంది ఒకేసారి చెప్పారు. అత్త, కోడలు, కాళ్లు, వేరు కాపురం, ఆస్పత్రి. ఏఈ గారి నవ్వు మెల్లగా దిగిపోయింది. పైకి చూశారు. పైన సత్యప్రసాద్ స్తంభాన్ని కావలించుకుని ఉన్నాడు. ఆ స్తంభం తప్ప తనవాళ్లంటూ ఎవరూ లేనట్టు.

"ఇవన్నీ నువ్వు చెప్పినవేనా?"

"ఆయ్. నేనేనండి. నిద్రలేదండి."

ఏఈ గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "నిన్న రావులపాలెంలో కరెంటుంది," అన్నారు గంభీరంగా. "మా అమ్మగారు చూస్తోంటే నేను అటుగా వెళ్తూ చూశాను. ఆటో దిగింది. గుమ్మం దాకా వచ్చింది. లోపల పెట్టడానికి కుడికాలు ఎత్తింది. అత్తగారి మొహం మూడుసార్లు చూపించారు. దమయంతి మొహం మూడుసార్లు. పనిమనిషిది రెండుసార్లు. గోడ మీద ఫోటోలో చచ్చిపోయిన మావగారిది ఒకసారి. మళ్లీ కాలు చూపించారు. అయిపోయింది."

అరగంట పాటు అటుగా వెళ్లిన ఏఈ గారిని ఎవరూ ఏమీ అడగలేదు.

"అంటే... కాలు దింపలేదా?" అంది వీరవేణి.

"దింపలేదు."

"అరగంటా ఎత్తే ఉందా?"

"ఎత్తే ఉంది."

"దమయంతికి ఏమీ అవ్వలేదా?" అన్నాడు అబ్బులు.

"శుభ్రంగా ఉంది."

అబ్బులు అన్నానికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కదల్లేదు. పెద్దింట్లమ్మ గారు చెయ్యి చాచి, "ఆ పుస్తకం ఇలా ఇవ్వండి," అంది. ఏఈ గారు నిట్టూర్చి ఇచ్చారు. ఆవిడ చెప్తోంటే వెంకటదుర్గ రాసింది. తర్వాత అందరూ వరసలో నిలబడి సంతకాలు పెట్టారు. అత్తలూ కోడళ్లూ ఒకే వరసలో నిలబడటం ఆ రోజు అదే మొదటిసారి. సత్యప్రసాద్ పైనుంచి లెక్కపెట్టాడు. అరవై తొమ్మిది. ఒక్కో సంతకానికీ సామర్లకోట ఒక్కో స్టేషను దూరం జరిగింది. చివరికి అది కలకత్తా దాటిపోయింది.

అతను దిగాడు. ఏఈ గారు పుస్తకం అతని చేతికిచ్చి, "చదువు," అన్నారు.

"అయ్యా, సీరియల్ వాడు కాలెత్తడానికి అరగంట తీసుకున్నాడు. మా లైన్‌మేన్ గారు ఒక్క పూటలో ఇద్దర్ని కాళ్ల మీద పడేసి, ఒక కాపురం నిలబెట్టి, ఒకర్ని ఆస్పత్రిలో చేర్చారు. ఎనిమిదింటికి కరెంటున్నా లేకపోయినా మాకు కంప్లైంటు లేదు. ఈయన్ని మాత్రం ఈ ఊరినించి కదపవద్దు."

"వేరు కాపురం సంగతి తర్వాత చూస్తా," అంది పెద్దింట్లమ్మ గారు కోడలి వైపు తిరక్కుండా. "కిటికీ ఒకటి కొట్టిస్తాలే వంటింటికి. రేపేమవుతుందో చెప్పి వెళ్లరా ప్రసాదూ."

ఏఈ గారు జేబులోంచి కాగితం తీశారు. దాన్ని చూశారు. ఊరిని చూశారు. "నెలంతా ఒక్క కంప్లైంటు లేదు. ఊరంతా ఉండమని సంతకాలు పెట్టింది. ఇలాంటి మనిషిని వదులుకున్నానని తెలిస్తే పైవాళ్లు నన్ను బతకనిస్తారా? నువ్వే చెప్పు," అన్నారు. కాగితాన్ని ఇంకో మడత పెట్టి, వచ్చిన జేబులోకే పంపేశారు. స్కూటరెక్కబోతూ ఆగి, గొంతు తగ్గించి, "అవునూ, ఆ వేరు కాపురం ఏ ఊళ్లో పెట్టారంటావ్?" అన్నారు.

సాయంత్రం సత్యప్రసాద్ వంతెన పక్క ఎస్టీడీ బూత్ నుంచి సామర్లకోట ఫోన్ చేశాడు.

"కాగితం వచ్చిందా అండీ?" అంది సుప్రియ.

"గుమ్మం దాకా వచ్చింది," అన్నాడు అతను. "కాలు కూడా ఎత్తింది."