దేవసహాయం గారి డాక్యుసిరీస్

ఆ ఉదయం దేవసహాయం పెట్టుకున్న పని ఒక్కటే: రోజూలాగే ఎనిమిదింటికి సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం వైపు జనాన్ని గోదావరి దాటించే పంటు నడపడం. కాకపోతే ఇవాళ కెమెరా చూస్తుంది. గోదావరి రేవుల మీద డాక్యుసిరీస్ తీస్తున్నారు. అందులో ఒక భాగం ఈ సరంగుగారిది.

"నాటకం కాదు నాన్నా," అంది కూతురు లిడియా. "జరిగింది జరిగినట్టే తీసి, భాగాలుగా చూపిస్తారు. మీరేం నటించక్కర్లేదు."

"నాకు నటనెందుకే? ముప్పై ఏళ్లలో ఒక్కసారన్నా పంటుని ఇసుక మేట ఎక్కించేనా? ఆ ముక్క లోకానికి తెలిస్తే చాలు."

తీరా రేవుకి వెళ్తే ఏముంది! కబురు ఊరంతా పాకిపోయింది. చేపలమ్మే ఆడవాళ్లు తట్టలు ఇంట్లో వదిలేసి పట్టుచీరల్లో దిగారు. కొబ్బరికాయల వీరన్న సైకిలు మానేసి నల్ల కళ్లద్దాలతో వచ్చాడు.

"పెళ్లివారి పంటులా ఉందండి," అంది దర్శకురాలు లక్ష్మీతులసి. "మాకు మామూలు రోజు కావాలి."

"ఆయ్, ఎంతసేపండీ!" అంటూ దేవసహాయం అందర్నీ ఇళ్లకి తరిమాడు, పాతబట్టలు కట్టుకుని సరుకుతో సహా రమ్మని.

వాళ్లు తిరిగొచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఈలోగా ఆయన భార్య జ్ఞానమ్మ కెమెరావాళ్లకి పెసరట్లు వడ్డించింది. వద్దని చెయ్యి అడ్డం పెట్టినవాళ్లకి రెండేసి ఎక్కువ పడ్డాయి.

పంటు కదిలేసరికి సముద్రపు పోటు తీసేసి గోదావరిలో నీరు తగ్గింది. రోజూ నీళ్ల మీదుండే దేవసహాయం చూపు, కెమెరా వంక చూడకూడదన్న పట్టుదలతో ఆకాశంలో ఉంది. నడి గోదావరిలో పంటు జర్రున ఆగింది. ఇసుక మేట!

"ఇదేనా సరంగుగారూ, మీ ముప్పై ఏళ్లు?" అన్నాడు వీరన్న.

"అమ్మగారూ, ఆ కెమెరా ఆపండి, దణ్ణం పెడతాను!"

"జరిగింది జరిగినట్టే తీయాలి కదండీ!"

మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే. వీరన్న బొండాలు కొట్టాడు. కెమెరావాళ్ల కోసం జ్ఞానమ్మ పంపిన క్యారేజీలు అందరూ పంచుకున్నారు. దేవసహాయం గోదావరిని తిట్టాడు, పెసరట్లని తిట్టాడు, చివరికి తలపట్టుకుని కూర్చున్నాడు. పాపం, ఏడుపొక్కటే తక్కువ.

మూడు నెలలకి ఆ భాగం వచ్చింది. ముప్పై ఏళ్ల అనుభవానికి అర నిమిషం, ఇసుక మేటకి ముప్పావు గంట. చూసినవాళ్లంతా తెగ మెచ్చుకున్నారు.

"అంతా నిజం కాబట్టే అంత బాగుంది నాన్నా," అంది లిడియా.

రేవులో ఎవరడిగినా దేవసహాయం మాత్రం ఒకటే చెబుతున్నాడు: "ఆయ్, అదొక్కటీ నటనండి."