నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నది

అడక్కుండా బహుమతులిచ్చేవాళ్ళను అరెస్టు చెయ్యాలి!

కోపంలో అంటున్న మాట కాదిది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ డెర్బీషైర్‌లో ఏటా క్రిస్మస్ వంట చేస్తున్న ఇల్లాలిగా, రెండు కప్పుల టీ తాగి, స్థిమితంగా ఆలోచించి అంటున్నాను. 'సర్‌ప్రైజ్' అన్నది అనాగరికుల అలవాటు. కాగితం విప్పేదాకా లోపల ఏముందో తెలియకపోవడం ఏమిటండీ? పండగ పూట కూర్చున్నామా, బాంబు విప్పడానికి కూర్చున్నామా?

నాగరికుల పద్ధతి వేరు. మీకో హాబీ ఉంటుంది. దానికి కావలసిన సామాను ఉంటుంది. అక్టోబరు చివర్లో ఇంటివాళ్ళు "ఈసారి నీకేం కావాలి?" అని అడుగుతారు. మీరు చెబుతారు. వాళ్ళు కొంటారు. క్రిస్మస్ పొద్దున మీరు దాన్ని విప్పి, "అయ్యో, ఎలా కనిపెట్టారు!" అని బుగ్గలు నొక్కుకుంటారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా దగ్గర అడిగితే అత్తగారు కూడా పెడుతుంది! ఇంతకంటే గొప్ప ఏర్పాటు ఏ దేశంలోనైనా ఉందా?

మా ఎదురింటి ఓలెరెన్‌షా గారి భార్యనే తీసుకోండి. ఆవిడకు గులాబీల పిచ్చి. క్రిస్మస్‌కు గుర్రపు లద్దె కావాలని మొగుణ్ణి అడిగింది. వెనకటి కాలపు మొగుడైతే ముత్యాల దండ కొనిపెట్టి అవమానించేవాడు. ఈయన ట్రాక్టరు నిండా తోలించి, గుమ్మం ముందు కుప్ప పోయించి, పైన ఎర్ర రిబ్బను కట్టించాడు. పండగ ముందురోజు సాయంత్రం ఇంటింటికీ పాటలు పాడుకుంటూ వచ్చిన చర్చి బృందం ఆ గుమ్మంలో రెండో చరణం దాకా ముక్కు మూసుకోకుండా నిలబడింది. భక్తి అంటే అదీ! ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి ఆనందబాష్పాలా, ఘాటుకు వచ్చినవా అని అడగడం మర్యాద కాదు కనక నేను అడగలేదు.

మా ఆయన డెస్మండ్‌ది ఇంకా సున్నితమైన హాబీ. ఏట్లో మోకాళ్ళ లోతున నిలబడి ట్రౌట్ చేపల్ని పడతాడు. పట్టి, ఫొటో తీసుకుని, మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తాడు. ఇంటికి చేప రాదు, తడి సాక్సులు వస్తాయి. చలికాలం వేట బందు కనక, ఆ నెలలన్నీ గాలం ముళ్ళకు ఈకలూ బొచ్చూ దారంతో చుట్టి దొంగ ఈగలు తయారుచేస్తూ కూర్చుంటాడు. వాటిని చూసి చేప నిజం ఈగ అనుకుని నోరు తెరవాలి. బుద్ధిలేని చేపను మోసం చెయ్యడానికి బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దమనిషి పడే కష్టం చూస్తే ఎంతటివాళ్ళకైనా జాలేస్తుంది.

ఈ పుణ్యకార్యానికి ఆయన క్రిస్మస్‌కు ఏమడుగుతాడో తెలుసా? కోడిపుంజు మెడ ఈకలు. నెమలి ఈక పీచు. చెవులతో సహా ఎండబెట్టిన కుందేలు మొహం! అవునండీ, మొహమే. దాని బొచ్చు పీకి ఈగకు ఒళ్ళు చుట్టాలట. ఏటా మా క్రిస్మస్ చెట్టు కింద బంగారు కాగితంలో ఒక కుందేలు మొహం పడుకుని ఉంటుంది. విప్పగానే మా ఆయన మొహం వెలిగిపోతుంది. నన్ను చూసి ఆఖరిసారి అలా వెలిగింది ఎప్పుడో నాకు గుర్తులేదు. కుందేలును అడగాలి.

ఇక ముళ్ళ సంగతి. గాలం ముళ్ళకు నంబర్లుంటాయి. చెప్పుల నంబర్ల లాంటివి కావు. నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది. ఎందుకలా అని అడక్కండి, మావాళ్ళ పద్ధతులకు కారణాలుండవు, వయసే ఉంటుంది. ఒక ఏడాది డెస్మండ్ వాళ్ళమ్మను పద్నాలుగో నంబరు ముళ్ళు అడిగాడు. మా అత్తగారు వినిఫ్రెడ్ చెయ్యి పెద్దది, చెవి చిన్నది. పద్నాలుగేమిటి నా మొహం అనుకుని ఇరవై నాలుగో నంబరు కొనుక్కొచ్చింది.

"తీసి చూడరా. పెద్దవే తెచ్చా! పద్నాలుగుతో సరిపెట్టుకుంటాడట! ఈ పీనాసితనం మీ నాన్న వైపు నుంచి వచ్చింది నీకు" అంది.

డెస్మండ్ డబ్బా మూత తీశాడు. లోపల అడుగున కాస్త దుమ్ము కనిపించింది. ఊదబోయాడు.

"ఊదకు, ఊదకు! ముళ్ళు అవే!" అని నేను అరిచాను.

ఆవగింజను తెచ్చి పక్కన పెడితే ఆవగింజే ఊరి పెద్దలా ఉంది. కన్నతల్లి ప్రేమగా ఇచ్చింది, తిరిగి ఇచ్చెయ్యడానికి లేదు. మర్నాడు మా ఆయన కంటికి భూతద్దం కట్టుకుని, ఒకే ఒక్క ముల్లుకు ఒకే ఒక్క ఈక కట్టడానికి పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. పిలిస్తే పలకలేదు. టీ అడగలేదు. తను బతికున్న సంగతే మాకు తెలియనివ్వలేదు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మరి నా సంగతేమిటంటారా? చాలాకాలం నాకు ఏ హాబీ లేదు. హాబీ లేని ఆడదానికి మా దేశంలో క్రిస్మస్‌కు స్నానపు ఉప్పు ఇస్తారు. లావెండరు వాసనది. భర్త ఇస్తాడు, కొడుకు ఇస్తాడు, అత్తగారు పోయినేడు నేనిచ్చిన దాన్నే కొత్త కాగితం చుట్టి ఇస్తుంది. మా అటక మీదున్న ఉప్పుతో నన్ను నిలువునా ఊరగాయ పెట్టొచ్చు.

చివరికి ఒక శీతాకాలం ఊరి హాల్లో వాటర్‌కలర్ క్లాసులో చేరి, ఒక పియర్ పండు బొమ్మ వేసుకొచ్చాను. ఇంటిల్లిపాదీ సంబరపడిపోయారు! బొమ్మ చూసి కాదు. బొమ్మ ఎవరూ చూడలేదు. 'థెల్మాకు ఏమివ్వాలి' అన్న జాతీయ సమస్య ఆ రోజుతో తీరిపోయినందుకు!

అప్పట్నుంచీ నా వైభవం చెప్పనలవి కాదు. సేబుల్ తోక వెంట్రుకల కుంచెలు. గుడ్డ పీచుతో చేసిన ఫ్రెంచి కాగితం. మడిచి చంకన పెట్టుకునే స్టాండు. నీలం రంగు ట్యూబులు, ఎందుకంటే నీలం ఖరీదని ఒకసారి నోరు జారాను. చిత్రకారులు కట్టుకునే ఏప్రాన్ ఒకటి మా అబ్బాయి గారెత్ ఇచ్చాడు. దాన్ని కట్టుకునే ఏటా టర్కీ కోడిని కాలుస్తాను. దాని మీద మరకలు చూసి "ఎంత పని చేస్తున్నావమ్మా!" అని మురిసిపోతాడు. అవన్నీ గ్రేవీ మరకలు నాయనా.

ఇంత సామాను ఉండగా బొమ్మలెందుకు వెయ్యవని మీరు అడగొచ్చు. దానికి వెలుతురు కావాలి. డిసెంబరులో మా దగ్గర సూర్యుడు సర్కారు ఆఫీసరు లాగా ఆలస్యంగా వచ్చి, టీ వేళకల్లా ఇంటికి పోతాడు. ఆ కాస్త పొద్దూ బంగాళదుంపలు చెక్కడానికీ, టర్కీ మీద కొవ్వు పొయ్యడానికీ, మూడింటికి టీవీలో రాజుగారి ప్రసంగం వస్తుంటే అత్తగారి చెవి మిషన్ వెతకడానికీ సరిపోతుంది. క్రిస్మస్ మర్నాడు, అంటే బాక్సింగ్ డే నాడు, పని ఉండదనుకుంటారు. ఆ రోజు నిన్నటి మాంసం చల్లగా తింటారు. చల్లగా పెట్టడానికి కూడా ఒక మనిషి కావాలి.

మా పై గది కిటికీలోంచి ఒక కొండ కనిపిస్తుంది. వేసవిలో చూడ్డానికి ఏమీ ఉండదు, ఒట్టి పచ్చదనం. చలికాలంలో మాత్రం దాని మీద ఎండిన పొదలు ఇటుక రంగుకు తిరుగుతాయి. వాలుటెండకు గోతుల్లో నీడలు నీలంగా పడతాయి. నేను నీలం రంగు అడిగింది ఆ నీడల కోసం. ఒక చలికాలం ఆ ట్యూబు తీస్తే మూత రాలేదు. పంటితో తిప్పాను. లోపల రంగు రాయి కట్టింది. పక్క ట్యూబు తీశాను, అదీ అంతే. ఒక్కసారి కూడా పిండకుండానే ఎండిపోయాయి. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. వీళ్ళు ఏటా నా ఇల్లు అలికిపెట్టి వెళ్ళిపోతున్నారు! నవ్వొచ్చిందని రాద్దామనుకున్నాను. రాలేదు. ఏడుపొచ్చింది.

అందుకని పోయినేడు గారెత్ ఫోన్ చేసి ఏం కావాలని అడిగినప్పుడు, నాకు కావలసింది నిజంగా అడిగేశాను.

"ఒక పగలు కావాలి. బాక్సింగ్ డే పగలు. పొద్దు ఉన్నంతసేపూ తలుపేసుకుని కొండ బొమ్మ వేసుకుంటాను. ఎవరూ నన్ను పిలవకూడదు."

 "అది ఏ షాపులో దొరుకుతుందమ్మా?" అన్నాడు.

మా ఆయనకు తెలిసి నొచ్చుకున్నాడు. "మరీ అలా అడిగితే ఎలా, థెల్మా? కాగితంలో చుట్టడానికి వీలుగా ఉండేదేదైనా చెప్పు."

అత్తగారు నిట్టూర్చింది. "మా రోజుల్లో పగళ్ళు అడిగేవాళ్ళం కాదమ్మాయ్. ఉన్నవాటితోనే సర్దుకునేవాళ్ళం."

అయినా అడిగింది ఇచ్చే నాగరికులు కదా! క్రిస్మస్ పొద్దున ముగ్గురూ కలిసి ఒక చెక్క బోర్డు ఇచ్చారు. తలుపు పిడికి తగిలించుకునేది. 'చిత్రకారిణి పనిలో ఉన్నారు, తలుపు తట్టరాదు' అని వంకర అక్షరాల్లో, మూలన ఒక కుంచె బొమ్మతో. మర్నాడు దాన్ని తగిలించి, తలుపేసుకుని, కాగితం తడిపాను.

టక్ టక్ మంది.

"అమ్మా, బోర్డు బాగుందా? వంకరగా లేదు కదా?"

రెండోసారి అత్తగారు. "అమ్మాయ్, ఈ బోర్డు మీద ఏం రాశారో కాస్త చదివి పెట్టు. కళ్ళజోడు కింద మర్చిపోయా."

తర్వాత మా ఆయన, కింది మెట్టు మీద నుంచి. "థెల్మా! తలుపు తట్టొద్దన్నావుగా, తట్టడం లేదు, అరుస్తున్నా! మస్టర్డ్ సీసా ఎక్కడుంది?"

మస్టర్డ్ సీసా ఆయన ముందే, ఉప్పు డబ్బా వెనక ఉంది. తీసిచ్చి, చేసే పని ఎలాగూ ఆగిందని గిన్నెలు కడిగి, పైకి వచ్చేసరికి కిటికీలో కొండ లేదు. చీకటి ఉంది.

ఆ చీకట్లోనే నాకు జ్ఞానోదయమైంది. హాబీ సామాను మహిమ పుచ్చుకునేవాళ్ళ వైపు నుంచి చూస్తే ఏం తెలుస్తుంది? ఇచ్చేవాళ్ళ వైపు నుంచి చూడాలి! దొంగ ఈగను కట్టేవాడికి ఉన్నపాటి బుద్ధి నాకు లేకపోయిందే!

ఈ ఏడు అక్టోబరులో అందరికంటే ముందు నేనే అడిగాను. ఏం కావాలి, ఏం కావాలి అని వెంటపడ్డాను. అత్తగారు మీగడ రంగు ఊలు అడిగింది. పాత రైలింజన్ల బొమ్మ ముక్కలు పేర్చుకునే పజిల్ కావాలన్నాడు గారెత్. మా ఆయన ఎప్పట్లాగే పద్నాలుగో నంబరు ముళ్ళు అడిగాడు. అన్నీ శ్రద్ధగా విన్నాను. శ్రద్ధగానే కొన్నాను.

అత్తగారికి నల్ల ఊలు ఇచ్చాను. నల్ల ఊలుతో అల్లేటప్పుడు ఒక కుట్టు జారితే కంటికి ఆనదు, పట్టుకోవడానికి పూట పడుతుంది. గారెత్‌కు వెయ్యి ముక్కల పజిల్ ఇచ్చాను. మంచులో గొర్రెలు. మంచు తెలుపు, గొర్రెలు తెలుపు, ఒక్క గొర్రెకు మాత్రం ముక్కు నలుపు. ఇక మా ఆయనకు ఇరవై ఎనిమిదో నంబరు ముళ్ళు.

"పద్నాలుగన్నాను కదా థెల్మా?" అన్నాడు డబ్బాను వెలుతురుకు ఎత్తి పట్టి.

"పద్నాలుగుతో సరిపెట్టుకోవడమేంటి? నా మొగుడికి నేనా మాత్రం పెట్టలేనా?" అన్నాను.

"చూశావురా, ఇన్నాళ్ళకు నా కోడలికి పెట్టే చెయ్యి వచ్చింది" అంది అత్తగారు.

అయ్యలారా, అమ్మలారా! ఇప్పుడైనా ఒప్పుకుంటారా, హాబీ సామాను అడిగి ఇవ్వడం ఎంతటి వరమో? మీ ఇంట్లోవాళ్ళను తప్పకుండా అడగండి. అడిగినవే ఇవ్వండి. నంబరు మాత్రం కాస్త ఉదారంగా పెంచండి.

బాక్సింగ్ డే పొద్దున మాంసం కోసి, రొట్టె కోసి, మస్టర్డ్ సీసా బల్ల నడిమధ్య పెట్టి పైకి వచ్చాను. బోర్డు తగిలించలేదు, అక్కర్లేకపోయింది. కింద ఎవరూ మాట్లాడటం లేదు. ఉండి ఉండి అత్తగారు ఎవర్నో తిట్టుకుంటోంది, బహుశా ఆ ఊలిచ్చిన నల్ల గొర్రెనో, కొన్న నన్నో. కొత్త నీలం ట్యూబు మూత తిప్పితే ఇట్టే వచ్చింది. కొండ మీద ఎండ పడి, గోతుల్లో నీడలు మొదలయ్యాయి. మొదటి నీడ వేశాను. బాగానే వచ్చింది.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలుపు దగ్గర ఆగింది.

"థెల్మా, నా భూతద్దం చూశావా? అది లేకపోతే ముల్లు కూడా కనపడటం లేదు."

కుంచె ఎత్తకుండానే చెప్పాను. "వంటింట్లో ఉందేమో, సొరుగుల్లో చూడు."

"ఏ సొరుగులో?"

"అన్నిట్లో చూడు."

ఆయన దిగి వెళ్ళాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన వంటింటి సొరుగు లాగిన చప్పుడు నేను వినడం ఇదే మొదటిసారి. ఆ వంటింట్లో ఎన్ని సొరుగులున్నాయో ఆయనకు తెలియదు, నాకు తెలుసు. భూతద్దం నా రంగుల పెట్టెలో ఉంది. రెండో నీడకు కుంచె తడుపుకున్నాను.