కూర అలివేలమ్మది, పేరు నాది

నా పేరు పెద్దన్న. ఇంట్ల అందరికన్న చిన్నోన్ని నేనే, మావోళ్లు పేరు మాత్రం గిట్ల పెట్టిండ్రు. ముసలవ్వలు గూడ నన్ను పెద్దన్న అనే పిలుస్తరు. నవ్వకుండ్రి, నేను చెప్పబోయేది నా కష్టం.

గద్వాలల ఒక చీరల దుకాణంల పని నాది. "ఈ అంచు నీకు మంచిగ కుదురుతదమ్మా" అనుకుంట పొద్దంత మందితోని మాట్లాడుత. ఇంటికొస్తె తాళంతోని మాట్లాడాలె. అది గూడ ఒక్కోనాడు మొరాయిస్తది.

నా పెండ్లాం భవాని నర్సు. ఇన్నేండ్లు గద్వాల దవాఖానలనే చేసింది. ప్రమోషన్ ఇచ్చి లింగాలకు పంపిండ్రు. వనపర్తి, నాగర్‌కర్నూల్ దాటి పోవాలె, రోజు పోయొచ్చే దూరం గాదు. ఆడనే ఒక అర్ర కిరాయికి తీసుకుంది. శనివారం వస్తది, ఆదివారం పోతది. పిల్లలు లేరు మాకు. ఆమె పోతె ఇంట్ల మిగిలేది నేను, ఫ్యాను.

పోయేటప్పుడు ధైర్యం చెప్పింది. కూర వండుడంత సులువైన పని లేదంట, ఫోన్ల చెప్తదంట, చేస్తె చాలంట.

రోజు పొద్దుగూకంగనే ఫోను పోపుల డబ్బాకు ఆనిచ్చి పెడుతుంటి. ఉల్లిగడ్డ ఎర్రగ కావాలె అనేది. ఎంత ఎర్రగ అని అడిగితె, నువ్వు కోపమొచ్చినప్పుడు అయినంత అనేది. ఒకనాడు మాడేది, ఒకనాడు పచ్చిగుండేది. కాని నేను తిని చెయ్యి కడుక్కునే దాక ఫోను పెట్టకపోయేది. నడుమల దవాఖాన ముచ్చట్లు, అర్ర కిరాయికిచ్చిన ఇంటామె కోళ్లు తన అర్రల జొరబడ్డ ముచ్చట్లు.

ఒకనాడు డ్యూటిల బాగ అలిసొచ్చినట్టుంది. నేను పసుపు అనుకొని శెనగపిండి వేసిన అంటె, "నీకేం పని వస్తదయ్యా?" అనేసింది. గా మాట నాకు ముల్లు లెక్క నాటింది.

తెల్లారి మా గల్లి చివర అలివేలమ్మ కర్రీ పాయింటుకు పోయిన. పొట్లం తెచ్చి మా గిన్నెల పోసి, పైన ఇంత కొత్తిమీర చల్లి, ఫోటో తీసి పంపిన. వాసన లింగాల దాక వచ్చిందని భవాని మెచ్చుకుంది. నాకు ఛాతి ఉబ్బింది. కొత్తిమీర చల్లిన కష్టమంత నాదే గద.

కాని ఆనాటి నుంచి ఫోను పొట్టిదైంది. ఏం వండినవ్ అంటది, చెప్త. మంచిగైందా అంటది, అయిందని చెప్త. సరె తిను అంటది. అంతే. వంటొచ్చినోనికి ఇంక చెప్పేదేముంటది?

కష్టమైన వంట పేరు చెప్తె ఎట్ల చేసినవని అడుగుతదేమోనన్న ఆశతోని, ఒకనాడు తలకాయ కూర అని, ఒకనాడు బగార అన్నం అని చెప్పిన. నాకన్న నువ్వే నయమని ఫోను పెట్టేసింది. కూర మంచిగుందని గోడకు చెప్పి తిన్న. గోడ ఊ గూడ కొట్టలె.

గా శనివారం భవాని ఫోన్ చేసి, ఈసారి గుత్తొంకాయ కూర నువ్వే వండిపెట్టాలె అంది. అలివేలమ్మ ఉండంగ నాకేం భయం? గిన్నె తీస్కొని పోయిన. అలివేలమ్మ మొఖం అటు తిప్పుకొని కూరలైపోయినయంది. గుత్తొంకాయ కూర గిన్నె నిండ ఆమె ముంగటనే ఉంది. నేను దాని దిక్కు చూస్తె మూత పెట్టింది.

ఇంక నేనే దిగిన. పల్లీలు, నువ్వులు వేంచి మిక్సీల వేస్తె, మూత పట్టుకోవాలని తెల్వక, సగం పొడి నా మీసాలకు, సగం ఇంటి కప్పుకు అంటింది. చింతపులుసు ఎక్కువైందని బెల్లం వేసిన. తీపైందని కారం వేసిన. మంటెక్కిందని నీళ్లు పోసిన. చిన్న గిన్నె చాలక పెద్ద గిన్నె, అది చాలక చుట్టాలొస్తె తీసే గుండి. అండ్ల వంకాయలు చెరువుల కప్పల లెక్క తేలుతున్నయి.

పొయ్యి ముంగట నేల మీద కూలబడ్డ. ఇది చూసి నవ్వనీకె గూడ ఇంట్ల ఒక మనిషి లేదు. అప్పుడనిపించింది, ఇజ్జత్ పోతె పోనీ, నిజం చెప్పాలె అని. ఫోన్ చేసిన. వనపర్తి దాటిందంట బస్సు.

"భవానీ, నాకు కూర రాదు. ఇన్నొద్దులు నేను తిన్నది అలివేలమ్మ కూర."



"తెల్సు" అంది.

అలివేలమ్మ బిడ్డకు కాన్పు చేసింది మా భవానేనంట. నేను పొట్లం తెచ్చిన మర్నాడే ఆమె ఫోన్ చేసిందంట, నర్సమ్మా మీ ఆయన మా కాడ తింటుండు, మీరిద్దరు మంచిగనే ఉన్నరు గదా అని. ఇయ్యాల కూర ఇయ్యొద్దని చెప్పింది గూడ భవానే.

ముందే తెల్సినంక ఎందుకు అడగలేదంటె, నువ్వే చెప్తవని చూసిన అంది. మళ్ల గొంతు తగ్గించింది.

"వంట నేర్చుకున్ననంటివి. ఇంక నాతోని పనేముంది అనుకున్న. డ్యూటి కాంగనే ఫోను ఒళ్లె పెట్టుకొని ఒక్కదాన్నే కూసుంటుంటి."

గుండి పొంగుతుంది, ఏం చెయ్యాలె అని అడిగిన.

"పొయ్యి సన్నగ చెయ్యి ముందు" అంది.

ఆడికెల్లి గద్వాల దాక చెప్తనే వచ్చింది. బస్సుల ఆడోళ్లంత నా కూరల చెయ్యి పెట్టిండ్రు. ఒకామె ఉప్పు అంటె ఇంకొకామె వద్దంది. ఇటిక్యాల పోయే అవ్వ ఫోను గుంజుకొని, ఇంక నీళ్లు పొయ్యకు కొడుకా, పుణ్యముంటది అంది.

భవాని ఇంటికొచ్చి గుండిల తొంగి చూసింది. తర్వాత కూసొని మారు వడ్డించుకొని తింది. బాగుందా అని అడిగితె, ఆకలైందంది.

ఆదివారం బస్టాండుల కిటికి కాడ నిలబడి, ఈ వారం దినాలు పట్టుదలగ వంటంత నేర్చుకుంట అని మాటిచ్చిన. ఆమె నా దిక్కు చూడకుండనే సంచి సర్దుకుంట అంది:

"అన్ని ఒక్కసారే నేర్చుకోకు. మళ్ల నేనేం చెప్పాలె?"

బస్సు కదిలింది. పక్కపొంటి ఉరుక్కుంట, అన్నం గూడ సరిగ వండరాదు నాకు అని చెప్పిన. ఆమె నవ్వింది. బస్టాండుల ఉన్నోళ్లంత నా దిక్కు చూసిండ్రు. చూడనీ, నిజమే గద చెప్పిన.