అలిగినవాడి చెప్పులు

ఆ ఉదయం దర్శకుడు వేసుకున్న పథకం చాలా సులువైనది. నడివయసు ఆడవాళ్ళ గోడు మీద తను తీస్తున్న కామెడీ సీరియల్ మొదటి భాగాన్ని యాభైమంది నడివయసు ఆడవాళ్ళ ముందే ఆడిస్తాడు. వాళ్ళు నవ్వుతారు. పైన వేలాడే మైకులు ఆ నవ్వును పట్టుకుంటాయి. ఛానెల్ పెద్దాయన వెనక వరసలో కూర్చుని మురిసిపోతాడు. అంతకుముందు తీసిన రెండు సీరియళ్ళూ చాప చుట్టేశాయి కాబట్టి, ఇది కూడా పోతే ఇక ఇంట్లో కూర్చోవడమేనని పెద్దాయన ముందే సెలవిచ్చాడు.

యాభైమందిని ఎక్కణ్ణించి తేవాలో దర్శకుడికి తెలియదు. ఏం కావాలన్నా భార్యను అడగడం అలవాటు కనుక ఇదీ ఆవిడనే అడిగాడు. ఆవిడ వీధి వీధంతా ఫోన్లు చేసి రెండు బస్సుల నిండా జనాన్ని తీసుకొచ్చింది. సీరియల్లోని డైలాగులన్నీ ఏళ్ళ తరబడి ఆవిడ వంటింట్లోంచి గొణిగినవేనన్న సంగతి మాత్రం ఆ హడావుడిలో ఆయన బుర్రకు తట్టలేదు. మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని, ఆయన వాటిని పొల్లుపోకుండా రాసుకున్నాడు మరి.

నున్నటి నేల పాడవుతుందని ఆ స్టూడియోలో అందరూ గుమ్మం దగ్గరే చెప్పులు విడవాలి. దర్శకుడు కూడా విడిచి, పైనున్న అద్దాల గదిలోకి ఎక్కి మొదలుపెట్టమన్నాడు.

నటి నడుం పట్టుకుని అందుకుంది. "అలిగి ఇల్లు వదిలి పోతానంటాడమ్మా. పోయేవాడు పోవచ్చుగా? గుమ్మందాకా వెళ్ళి, నా చెప్పులెక్కడని మళ్ళీ నన్నే అడుగుతాడు."

ఇక్కడ స్టూడియో దద్దరిల్లాలి. యాభైమందీ ఒక్కసారిగా నిట్టూర్చారు. మైకులు ఆ నిట్టూర్పును శ్రద్ధగా రికార్డు చేశాయి.

నటి కంగారుపడి మోకాలి నొప్పి డైలాగులోకి దూకింది. ముందు వరసలోంచి, వాళ్ళ వీధిలో బట్టలు కుట్టే టైలరమ్మ లేచి, ఏ కాలు అని అడిగింది. నటికి నిజంగానే మోకాలి నొప్పి. ఎడమదండీ అనేసింది. ఇంక చెప్పాలా? ఇద్దరు సెట్టు మీదికెక్కి ఆవిడను సోఫాలో కూర్చోబెట్టారు. ఒకావిడ కాలు చాపించింది, ఇంకొకావిడ చేతిసంచీలోంచి మందు తీసి రాయడం మొదలుపెట్టింది. మొగుడి వేషం వేసిన నటుడు ఇదేమీ చూడకుండా, తన వంతు వచ్చిందని లోపలికొచ్చి కాఫీ ఏదని గద్దించాడు.

"కాలు నొప్పితో పడుంటే కనబడ్డంలేదా? స్టవ్ అదిగో, పెట్టుకో నాయనా" అంది టైలరమ్మ.

ఆ గొంతులో ఏముందో గానీ, అతను బుద్ధిగా వెళ్ళి అట్టతో చేసిన స్టవ్ వెలిగించబోయాడు. మీట ఊడి చేతిలోకొచ్చింది. వెనక వరసల్లో అతని తల్లి పెంపకం మీద చర్చ మొదలైంది.

పెద్దాయన గడియారం చూసుకోవడం కనిపించేసరికి దర్శకుడు ఇక ఆగలేకపోయాడు. మెట్లు దూకుతూ కిందికొచ్చి, ఇది కామెడీ అనీ, నవ్వాలనీ చేతులు జోడించాడు.

"నవ్వడానికి ఇందులో ఏముందండీ?" అడిగింది జనంలో కూర్చున్న భార్య.

"ఏముందా? పొద్దున లేస్తే నువ్వు ఇంట్లో అనే మాటలేగా ఇవన్నీ. నాకు నవ్వొస్తోందిగా?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. స్టూడియో అంతా ఆవిడ వైపు తిరిగింది.

"అంటే నా మాటలు మీకు వినబడుతూనే ఉన్నాయా?" అంది ఆవిడ నెమ్మదిగా. "వినబడ్డంలేదు కాబోలని ఇన్నేళ్ళూ సర్దుకుపోయాను. మోకాలు నొప్పంటే రాసుకున్నారా? డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని తోచలేదా?"

దర్శకుడికి నిజంగానే సిగ్గేసింది. అయితే సిగ్గుపడటం ఆయనకు చేతకాదు, కోప్పడటం ఒక్కటే చేతనవును. ఈ సీరియలూ వద్దు, మీరూ వద్దు, నేను పోతున్నానని ప్రకటించి, స్క్రిప్టు నేలకేసి కొట్టి, గబగబా గుమ్మందాకా నడిచాడు. అక్కడ ఆగాడు. కాళ్ళవంక చూసుకున్నాడు. చెప్పుల గుట్టలో అటూ ఇటూ వెతికాడు. బయట ఎండ మండిపోతోంది.

"ఏమోయ్," అన్నాడు తల తిప్పకుండా, "నా చెప్పులెక్కడ?"

ముందు నటి నవ్వింది, మందు రాసిన కాలు పట్టుకుని. తర్వాత టైలరమ్మ. ఆ తర్వాత రెండు బస్సుల జనమూ పొట్టలు పట్టుకున్నారు. ఎవరూ చెప్పకపోయినా కెమెరామన్ కెమెరా గుమ్మం వైపు తిప్పేశాడు. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, ఏదీ ఆపొద్దని సైగ చేశాడు.

సాయంత్రానికల్లా ఏర్పాట్లు మారిపోయాయి. మొగుడి వేషం ఇకనుంచి దర్శకుడిదే. నటించక్కర్లేదు, మామూలుగా ఉంటే చాలన్నాడు పెద్దాయన. రచన భార్య పేరు మీద. తను డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజున షూటింగు ఉండకూడదనీ, వెంట వచ్చేది మొగుడేననీ ఆవిడ షరతు రాయించింది.

గుమ్మంలో ఎవరైనా తొక్కేస్తారని ఆయన చెప్పులు పొద్దున్నే తీసి తన కుర్చీ కింద పెట్టింది ఆవిడే. ఆ సంగతి సంతకాలయ్యాక చెప్పింది.