టేబుల్ లైటు వ్యాజ్యం

ఆ ఉదయం రిటైరైన కోర్టు గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే: టీ చల్లారేలోగా ఆన్‌లైన్ దుకాణంవాళ్ళకు ఫిర్యాదు రాసి పడెయ్యడం. కళ్ళకు గుచ్చుకుంటోందని టేబుల్ లైటు వాపసు చేస్తే, వాళ్ళు ధరలో ఐదో వంతు కోసేశారు. కారణం, 'మళ్ళీ అరలో సర్దే ఖర్చు'.

"లైటుని అరలో పెట్టడానికి ఐదో వంతా? ఏనుగునేమైనా అటకెక్కించారా?" అన్నాడాయన చెల్లెలితో.

ఆయన భార్య పోయినప్పటి నుంచి చెల్లెలు వారానికోసారి వచ్చి ఇల్లు సర్దిపోతోంది. లైటు కదలకుండా పెట్టెలో పాతగుడ్డలు కుక్కి కట్టిందీ ఆవిడే.

"పోనిద్దూ అన్నయ్యా. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు."

"ఎలుకే. కానీ నా ఎలుక."

ఫిర్యాదు పంపిన పది నిమిషాలకు కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మీ పెట్టె ఉండాల్సినదానికంటే బరువుంది. ఇంకా తెరవలేదు గానీ, స్కానింగులో రెండు పొడవాటి చువ్వలు కనిపించాయి. అవి విడదియ్యాలి కాబట్టే ఛార్జీ."

"చువ్వలా! నన్ను ఆయుధాల కేసులో ఇరికిస్తారా?"

ఏళ్ళనాటి అలవాటు చేతికొచ్చింది. కాగితం తీసి రాశాడు: 'సదరు పెట్టెలో గుడ్డలు తప్ప నాకు చెందిన వస్తువేదీ లేదు. ఉన్నట్లు తేలినచో అది నాది కాదు, ధ్వంసం చేయవచ్చును. ఈ వివాదం తేలేవరకు పెట్టెను ఎవరూ ముట్టరాదు. ఈ వాంగ్మూలం మార్చబడదు.' చివరి మాట కింద గీత గీసి, సంతకం చేసి, ఫొటో తీసి పంపాడు.

"చువ్వలన్నారా?" చెల్లెలు చీపురు ఆపింది. "అన్నయ్యా, గుడ్డల సంచీ అంటే మంచం కింద నీలం రంగుదేగా?"

"కాదు. గోధుమరంగుది."

ఇద్దరూ ఒక్కసారే మంచం కిందికి వంగారు. గోధుమరంగు సంచీ నిండుగా ఉంది. నీలం సంచీ లేదు.

అందులో ఉన్నది భార్య ఆయన కోసం అల్లుతూ వదిలేసిన స్వెటరు. ఒక చెయ్యి పూర్తయింది. రెండోది మొదలుపెట్టిన వారానికే ఆసుపత్రి. తీస్తే అల్లిక జారిపోతుందని ఆ రెండు పొడవాటి అల్లిక సూదుల్ని ఆయన అలాగే ఉంచేశాడు.

"నా కళ్ళు మండ! చూసుకోకుండా..." చెల్లెలు నుదురు కొట్టుకుంది.

"ఏ సంచీయో చెప్పనిది నేనేగా. పద, చెప్పులేసుకో."

కంపెనీ గోదాములో సూపర్‌వైజరమ్మ ఆయన పంపిన కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"మీది కాదని మీరే రాశారు కదండీ."

"పొరపాటమ్మా."

"మార్చబడదన్నారు. గీత కూడా గీశారు."

"అది అలవాటమ్మా."

"ధ్వంసం చెయ్యమన్నవన్నీ పన్నెండింటికి యంత్రంలోకి పోతాయండీ."

గోడ గడియారంలో పన్నెండున్నర. ఆయన కుర్చీ వీపు పట్టుకున్నాడు. చెల్లెలు ఆయన మోచెయ్యి పట్టుకుంది.

సూపర్‌వైజరమ్మ కంప్యూటరులో ఇంకోసారి చూసింది. "మీది పోలేదండీ! ఎవరూ ముట్టరాదన్నారుగా. మావాళ్ళు హడలిపోయి దాని చుట్టూ తాడు కూడా కట్టారు. కాకపోతే వివాదం ఉండగా ఇవ్వలేం. ఫిర్యాదు వెనక్కి తీసుకుని, ఛార్జీ ఒప్పుకోవాలి."

"ఎక్కడ సంతకం?"

పెట్టె తెరిచారు. సూదులు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్క వరస జారలేదు. సూపర్‌వైజరమ్మ స్వెటరును భుజాల దగ్గర పట్టుకుని ఎత్తి చూసింది.

"దీనికి ఒక్క చెయ్యే ఉందండీ."

"తెలుసు," అన్నాడాయన.

ఆవిడ ఇంకే రుజువూ అడగలేదు. మెల్లగా మడిచి సంచీలో పెట్టి, రెండు చేతులతో ఇచ్చింది.

ఆయన దాన్ని చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. కోర్టులో ఎన్నో కేసులు చూశాడు గానీ, ఓడిపోయి ఇంత తేలిగ్గా మెట్లు దిగిన ఫిర్యాదిని చూడటం ఆయనకదే మొదలు.