మ్యాప్ మీద ఆఫర్, ఆఫర్ మీద నక్షత్రాలు

నా భయాలన్నిటిలోకీ పెద్దది ముందే చెప్పేస్తాను: మా వీణ ఎక్కిన స్కూలు వ్యాన్ ఎక్కడుందో నాకు తెలియకుండా పోవడం. వీణకి అయిదేళ్లు. గురుగ్రామ్ ట్రాఫిక్‌కి ఆ సంగతి తెలీదు.

అలాంటి నేనే చెబుతున్నాను, నమ్మండి. వ్యాన్ యాప్ తెరవగానే మ్యాప్‌ని కప్పేస్తూ ఊడిపడే పెట్టెలున్నాయే, అవి తల్లుల పాలిట వరాలు!

ఎందుకంటారా? మ్యాప్ కనిపిస్తే వ్యాన్ కనిపిస్తుంది. వ్యాన్ కనిపిస్తే అది ఫ్లైఓవర్ కింద ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఎందుకాగిందా అని గుండె కొట్టుకుంటుంది. అదే మ్యాప్ మీద సమ్మర్ క్యాంప్ ఆఫర్ పరిచారనుకోండి, గుండెకి విశ్రాంతి. ఆఫర్ మీద "మా యాప్‌కి ఎన్ని నక్షత్రాలిస్తారు?" అనే ప్రశ్న. దాని మీద "నమస్తే, నేను మీకెలా సాయపడగలను?" అంటూ ఓ బొమ్మపిల్ల. ఆ పిల్ల సరిగ్గా మూసేసే ఇంటూ గుర్తు మీదే కూర్చుంటుంది. సాయం చేయడానికి అంతకన్నా మంచి చోటెక్కడుంది?

ఇంటర్ మధ్యలో ఆపేసిన నాకు ఇందులోని శాస్త్రం మా ఆయన హేమసుందర్ చెప్పారు. వేరే కంపెనీలో ఆయన చేసేదీ ఇలాంటి పెట్టెలే.

"తెర మీద ప్రతి ముక్కకీ ఒక నంబరుంటుంది మైథిలీ. పెద్ద నంబరున్నది పైకొస్తుంది. సేల్స్ వాళ్లు తొమ్మిదివందల తొంభైతొమ్మిది పెట్టారనుకో, మేం చివర్న ఇంకో తొమ్మిది తగిలిస్తాం."

"మరి వాళ్లు?"

"వాళ్లూ ఇంకోటి తగిలిస్తారు."

"ఎవరూ తగ్గించరా?"

"తగ్గిస్తే మనది కిందకి పోదూ? జీతాలు పెంచేటప్పుడు అప్రైజల్లో ఏం చూపించాలి?"

నిజమే కదా? పెళ్లి ఫొటోలో ముందుకొచ్చి నిలబడే బంధువులనైనా ఫొటోగ్రాఫర్ పక్కకి జరగమంటాడు. ఇక్కడ ఆ బెడదా లేదు. పాపం, మ్యాప్‌కి మాత్రం అప్రైజల్ ఉండదు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ సొసైటీ ముందు గేటు దగ్గర నిలబడి ఈ వరాలన్నీ అనుభవించాను. నాలుగు నక్షత్రాలిచ్చాను. బొమ్మపిల్లకి నమస్తే చెప్పాను. సమ్మర్ క్యాంప్‌లో గుర్రపు స్వారీ కూడా ఉందట. నలభై నిమిషాలైనా వ్యాన్ రాలేదు. అప్పుడు పై అంతస్తు లక్ష్మీకుమారి ఆంటీ ఫోన్ చేశారు.

"ఏమ్మా, ఎక్కడున్నావ్? మీ పిల్ల వెనక గేటు కాడ గార్డు భయ్యా కుర్చీలో కూచోనుంది. ఇంటికి ఇంటర్‌కమ్ చేస్తే ఎవరూ ఎత్తట్లేదంట."

పరిగెత్తాను. ఏడ్చి ఏడ్చి ఆగిన మొహంతో "మమ్మా, ఇత్నీ దేర్?" అంది వీణ, ఇంతసేపా అన్నట్టు.

ముందు రోడ్డు తవ్వేశారని వ్యాన్ ఆ రోజు వెనక గేటుకొచ్చిందట. ఆ కబురు యాప్‌లో పంపారు కూడా. సాయంత్రం హేమసుందర్ పెట్టెలన్నీ ఒక్కొక్కటే ఒలిచి చూపించారు. అట్టడుగున, మ్యాప్ పక్కన, చిన్న అక్షరాల్లో, భద్రంగా ఉంది.

"దీనికి ఎవరూ నంబరే పెట్టలేదు" అన్నారాయన.

వరాలే, కాదనను. నాదొక చిన్న మనవి. మీరు దీన్ని ఫోన్‌లోనే చదువుతుంటే, దీని మీదా ఏదో ఒక పెట్టె వచ్చి పడే ఉంటుంది. దాన్ని మూయడానికి తంటాలు పడకండి. ఫోన్ అక్కడే పెట్టి, ఒక్కసారి కిందికి దిగి మీ వెనక గేటు దాకా వెళ్లండి. బ్యాగు తగిలించుకున్న పిల్ల ఎవరైనా ఒంటరిగా కూర్చుని ఉందేమో చూడండి. ఉంటే, పేరడిగి, కాసిని మంచినీళ్లిచ్చి, వాళ్లమ్మ వచ్చేదాకా పక్కనే ఉండండి.